బ్యాండు వేయించుకున్నవారు నోరు విప్పాలి



"డాక్టరుగారూ, పొట్టకు రింగు వేయిస్తే తిండి దానంతటదే తగ్గిపోయి సన్నబడతారట కదా, అది మంచిదేనా?" అని అడిగేవారు మా ఓ.పి.లో ఇప్పటికీ ఉన్నారు. రింగు అని వారు అంటున్నది గ్యాస్ట్రిక్ బ్యాండు గూర్చి. అడిగేవారి దగ్గర ఉండే సమాచారం దాదాపు ఒకేలా ఉంటుంది. విదేశంలో ఉన్న బంధువు ఒకరు చేయించుకున్నారు, ముప్ఫై కిలోలు తగ్గారు, ఫోటో పంపారు. అంతటితో సరి. ఆ బంధువుకు ఇప్పుడు ఎలా ఉంది, బ్యాండు ఇంకా లోపలే ఉందా, తీసేశారా, రాత్రి పడుకుంటే దగ్గు రాకుండా నిద్ర పడుతుందా అని నేను ఎదురు ప్రశ్న వేస్తే తెలియదంటారు. వారు చెప్పలేదు, వీరు అడగలేదు.

నా అభిప్రాయం ముందుగానే చెబుతున్నాను. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవారు తమ అనుభవాన్ని మంచి చెడులతో సహా బయటికి చెప్పాలి. అలా చెప్పినవారిని ఎగతాళి చేయకుండా వినడం మిగిలిన మన పని. ఇది మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే కాదు. చెప్పకపోవడం వలన ప్రాణం మీదికి వచ్చిన సందర్భం మేము కళ్ళారా చూశాము. దాని సంగతి కాసేపట్లో వ్రాస్తాను. ముందు ఈ బ్యాండు ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు.

గ్యాస్ట్రిక్ బ్యాండు అంటే సిలికోన్‌తో చేసిన ఒక మెత్తని పట్టీ. అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసే చోటికి కొంచెం కింద, జీర్ణాశయం పైభాగం చుట్టూ దీనిని బిగిస్తారు. దానితో పైన ఒక చిన్న సంచి, కింద పెద్ద సంచి ఏర్పడతాయి. పట్టీ లోపలి వైపున సైకిలు ట్యూబు లాంటి గాలిబుడగ ఉంటుంది. దాని నుండి ఒక సన్నని గొట్టం వచ్చి, పొట్ట చర్మం కింద కుట్టిన ఒక చిన్న బిళ్ళకు కలుస్తుంది. ఆ బిళ్ళనే పోర్టు అంటారు. పోర్టులోకి ప్రత్యేకమైన సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. జీర్ణాశయాన్ని కోయడం లేదు, పేగులను దారి మళ్ళించడం లేదు. కావాలంటే తీసేయవచ్చు. ఈ చివరి మాటే చాలామందిని ఆకర్షించింది.

ఇలా బిగించి వదులు చేయగల బ్యాండును 1986లో అమెరికాలోని న్యూజెర్సీలో పనిచేసిన లూబోమిర్ కుజ్మాక్ అనే సర్జన్ రూపొందించారు. ఆయన యుక్రెయిన్ సంతతివారు. దానిని పెద్ద కోత లేకుండా ల్యాప్రోస్కోపీ పద్ధతిలో మొదటిసారిగా 1993 సెప్టెంబరులో బెల్జియంలో వేసినది మితికు బెలాచూ. ఈయన ఇథియోపియాలో పుట్టి, చిన్నతనంలో పశువులు కాసి, ఆ తరువాత బెల్జియం చేరి సర్జన్ అయిన వ్యక్తి. అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2001 జూన్‌లో దీనికి అనుమతి ఇచ్చింది. ఆ తరువాత పది సంవత్సరాలు బ్యాండుకు మంచి రోజులు. 2011లో అమెరికాలో జరిగిన బరువు తగ్గించే ఆపరేషన్లలో 35 శాతానికి పైగా ఇవే. 2019 వచ్చేసరికి అది ఒక శాతం కంటే తక్కువకు పడిపోయింది. ఎనిమిదేళ్ళలో ఒక ఆపరేషన్ ఇలా దాదాపుగా కనుమరుగు కావడం వైద్యరంగంలో తరచు జరిగేది కాదు. ఎందుకు పడిపోయింది అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ రోగుల కడుపులలోనే ఉంది.

బ్యాండుతో బ్రతకడం ఎలా ఉంటుందో ప్రకటనలలో కనబడదు. ఆపరేషన్ రోజుతో పని పూర్తి కాదు, అప్పుడే మొదలవుతుంది. నాలుగు నుండి ఆరు వారాల తరువాత మొదటిసారి సెలైన్ ఎక్కిస్తారు. తరువాత ఎన్నిసార్లు వెళ్ళాలో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. వదులుగా ఉంటే ఆకలి వేస్తుంది, బరువు తగ్గదు. కొంచెం ఎక్కువ బిగిస్తే మంచినీళ్ళు కూడా దిగవు. మధ్యలో సరైన బిగువు ఒకటి ఉంటుంది. కొందరికి అది దొరుకుతుంది. కొందరు దాని కోసం సంవత్సరాల తరబడి తిరుగుతూనే ఉంటారు. ఉదయం గట్టిగా ఉండి సాయంత్రానికి వదులైనట్లు అనిపిస్తుందని చెప్పినవారు కూడా ఉన్నారు.

ఇక తినడం. చిన్న ముద్ద తీసుకోవాలి, ఇరవై ముప్ఫైసార్లు నమలాలి, మింగి కాస్త ఆగాలి, అప్పుడు ఇంకొక ముద్ద. తింటూ నీళ్ళు త్రాగకూడదు. మన భోజనం సంగతి ఆలోచించండి. మెతుకు మెతుకు అంటుకునే వేడి అన్నం బ్యాండు దగ్గర ఉండకట్టి నిలబడిపోతుంది. చపాతీ, బ్రెడ్డు, గట్టి మాంసం ముక్క, ములక్కాడ పీచు ఇవన్నీ ఇబ్బంది పెట్టేవే. ముద్ద ఇరుక్కుంటే రొమ్ము ఎముక వెనక బరువుగా నొప్పి వస్తుంది, నోటినిండా జిగురుగా ఉమ్మి ఊరుతుంది, చివరికి తిన్నది తిన్నట్లే బయటికి వస్తుంది. అది మామూలు వాంతి కాదు, ఎందుకంటే ఆ ముద్ద కింది సంచిలోకి దిగనే లేదు. పెళ్ళి బంతిలోనో, ప్రేమవిందులోనో పక్కవారు "ఏమ్మా, ఇంకొంచెం వడ్డించుకో, ఏమీ తినలేదు" అంటూ ఉండగా లేచి పెరట్లోకి పరుగెత్తవలసి వస్తే ఆ మనిషి ఏమి చెప్పుకోవాలి? "కడుపులో బాగాలేదు" అంటారు. పదేళ్ళపాటు ప్రతి విందులోనూ అదే మాట చెబుతారు.

అయితే ఒక చిత్రం ఉంది. అన్నం దిగదు గాని పాయసం దిగుతుంది. కూర ముక్క దిగదు గాని ఐస్‌క్రీం దిగుతుంది. బాదంపాలు, సేమ్యా, చాక్లెట్లు, చెరకురసం, కూల్‌డ్రింకులు అడ్డు లేకుండా జారిపోతాయి. గట్టి ఆహారం ప్రతిసారీ బాధ పెడుతుంటే మనిషి మెత్తని తీపివైపు మళ్ళడంలో వింత ఏముంది? బరువు తగ్గడం ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లోవారు, ఒక్కొక్కసారి డాక్టర్లు కూడా, "నీకు నోటి కట్టుబాటు లేదు" అంటారు. బ్యాండు అతిగా బిగిసి ఉండటం వలన అలా జరుగుతోందేమో అని చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఈ నింద భయమే చాలామంది నోళ్ళు మూయించిందని నేను నమ్ముతున్నాను.

మాట దాచడం మన దగ్గర మాత్రమే ఉన్న అలవాటు కాదు. బ్రిటన్‌లో ఫెర్న్ బ్రిట్టన్ అని ఇంటింటా తెలిసిన టీవీ వ్యాఖ్యాత ఉన్నారు. ఆమె 2006లో బ్యాండు వేయించుకున్నారు, ఎవరికీ చెప్పలేదు. ఆహార నియమం, వ్యాయామం వలననే అంత సన్నబడ్డారని ప్రేక్షకులు అనుకున్నారు. 2008లో పత్రికలు ఆ సంగతి బయటపెట్టినప్పుడు పెద్ద దుమారం లేచింది. మోసం అన్నారు కొందరు. అది ఆమె స్వంత విషయం అన్నారు మరికొందరు. న్యూజెర్సీ గవర్నరుగా ఉన్న క్రిస్ క్రిస్టీ 2013 ఫిబ్రవరిలో వేరే పేరుతో ఆసుపత్రిలో చేరి బ్యాండు వేయించుకున్నారు. మే నెలలో గాని లోకానికి తెలియలేదు. ఒక రాష్ట్ర గవర్నరే మారుపేరు పెట్టుకున్నాడంటే గ్రామంలో ఉన్న కోడలి సంగతి చెప్పాలా?

తన శరీరం గూర్చి లోకానికి చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు, నిజమే. ఆ మాట నేను కాదనను. కాని సన్నబడిన ఫోటో మాత్రం నలుగురికీ చూపించి, దాని వెనక ఉన్న సంగతి దాచినప్పుడు చూసేవారికి నష్టం జరుగుతుంది. ఒకరకం వారు "ఆమె తిండి తగ్గించుకుని సాధించింది, నా వల్ల కాలేదు" అని తమను తాము తిట్టుకుంటారు. ఇంకొకరకం వారు సంగతి చూచాయగా తెలుసుకుని, మంచి సగమే విని, అప్పు చేసి ఆపరేషన్‌కు వెళతారు.

ఇప్పుడు మా ఆసుపత్రికి వచ్చిన ఒక రోగి సంగతి. గుర్తుపట్టే వివరాలు వదిలేసి వ్రాస్తున్నాను. ఆమె కుటుంబంతో ఇంగ్లాండులో ఉంటారు. బంధువుల పెళ్ళికి ఊరికి వచ్చారు. పెళ్ళి భోజనంలో బిర్యానీ తిన్న తరువాత గుండెలో ఏదో అడ్డం పడినట్లయింది. గ్యాస్ అని ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరుగారు ఇంజెక్షను చేశారు. మరునాటికి నీళ్ళు కూడా నిలవలేదు. గ్లూకోజ్ సీసాలు ఎక్కించారు. మూడవ రోజున మా దగ్గరకు వచ్చేటప్పటికి స్వంత ఉమ్మి కూడా మింగలేక ఒక స్టీలు గిన్నెలో ఉమ్ముకుంటూ ఉన్నారు. పక్కన అత్తగారు, ఆడపడుచు. ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్లు జరిగాయా అని అడిగితే "లేదు" అన్నారు.

బట్టలు మార్చేటప్పుడు మా సిస్టరు ఆమె పొట్టమీద ఐదు చిన్న మచ్చలు చూశారు. చర్మం కింద రూపాయి బిళ్ళలాగా గట్టిగా ఏదో చేతికి తగిలింది. "అమ్మా, ఇదేమిటి?" అని అడిగేసరికి ఆమె ఏడ్చారు. "సిస్టర్, మా అత్తయ్యగారికి చెప్పకండి" అన్నది ఆమె నోటి నుండి వచ్చిన మొదటి మాట. భర్తకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన ఆ సమయానికి ఇంగ్లాండులో డ్యూటీలో ఉన్నారు. వెంటనే పెద్ద ఆసుపత్రిలోని సర్జన్‌తో మాట్లాడి పంపాము. అక్కడ పోర్టు నుండి సెలైన్ తీసేశారు. కొద్దిసేపటికి ఆమె మంచినీళ్ళు త్రాగగలిగారు. అంతటితో తేలిపోయింది గనుక అదృష్టం. బ్యాండు జారి జీర్ణాశయం కొంత పైకి ఎక్కి ఇరుక్కుని ఉంటే, రక్తప్రసరణ ఆగి ఆ భాగం కుళ్ళిపోయి ఉండేది. అత్తగారికి ఆ రోజే తెలిసింది. ఆవిడ అన్న మాట నాకు గుర్తుంది: "నాకు చెబితే నేను ఆ బిర్యానీ పెట్టేదాన్నా?"

ఆ గ్లూకోజ్ సీసాల గూర్చి ఇక్కడ ఒక మాట, ముఖ్యంగా గ్రామాలలో పనిచేసే వైద్యులకు, నర్సులకు. వారాల తరబడి వాంతులు అయిన మనిషికి బి1 విటమిన్, అంటే థయమిన్, నిల్వలు అడుగంటి ఉంటాయి. అటువంటివారికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు తిరగడం, నడక తూలడం, మతి తప్పడం దాని లక్షణాలు. ముందు థయమిన్, తరువాత గ్లూకోజ్. మరొకటి, బ్యాండు మామూలు ఎక్స్‌రేలోనే కనబడుతుంది. అనుమానం వస్తే ఒక ఎక్స్‌రే తీయిస్తే చాలు. పోర్టులోకి గుచ్చే సూదిని హ్యూబర్ సూది అంటారు. మామూలు సూది పోర్టు మీది సిలికోన్‌ను కోసి, అక్కడినుండి నీరు కారేలా చేయవచ్చు. కీమోథెరపీ పోర్టు ఉన్న క్యాన్సర్ రోగులకు వాడేది కూడా ఈ రకం సూదే గనుక క్యాన్సర్ వార్డు ఉన్నచోట వెదికితే దొరుకుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. దీనిని గుర్తించడం ఇంకా కష్టం. కొందరిలో బ్యాండు మెల్లమెల్లగా జీర్ణాశయపు గోడను కోసుకుంటూ లోపలికి వెళుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు. తెలిసేదల్లా ఏమిటంటే, బిగువు పోయినట్లు ఉంటుంది, ఆకలి తిరిగి వస్తుంది, బరువు పెరుగుతుంది. ఒక్కొక్కసారి పోర్టు దగ్గర చర్మం ఎర్రబడి చీము పడుతుంది. ఆకలి తిరిగి రాగానే రోగి సిగ్గుపడి డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానేస్తారు. "నేనే ఎక్కువ తింటున్నాను, తిట్లు తినడానికి వెళ్ళాలా" అనుకుంటారు. అక్కడ జరుగుతున్నది ఆ మనిషి బలహీనత కాదు, పట్టీ గోడలో దిగిపోవడం. ఎండోస్కోపీ చేస్తే తెలుస్తుంది. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి బిళ్ళలు కొని మింగడం జీర్ణాశయపు గోడకు మంచిది కాదు. బ్యాండు ఉన్నవారు ఆ బిళ్ళల జోలికి పోకూడదు. బరువు ఎక్కువ ఉన్నవారికి మోకాళ్ళ నొప్పులు ఉండనే ఉంటాయి గనుక ఈ మాట ప్రత్యేకంగా వ్రాస్తున్నాను.

ఇవి ఎంతమందికి వస్తాయి? బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో 1994 నుండి 1997 వరకు బ్యాండు వేయించుకున్న 151 మందిని పన్నెండేళ్ళకు పైగా గడిచిన తరువాత వెదికారు. 82 మంది దొరికారు. ఆ పరిశీలన 2011లో ప్రచురించారు. వారిలో 39 శాతం మందికి పెద్ద చిక్కులు వచ్చాయి. 28 శాతం మందిలో బ్యాండు గోడను కోసుకుని లోపలికి దిగింది. దాదాపు 60 శాతం మందికి మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది. సుమారు సగం మందికి మొదటి బ్యాండు లోపల మిగలలేదు. అధిక బరువులో తగ్గినది సగటున 43 శాతం. అంటే ఉండవలసిన దానికంటే 40 కిలోలు ఎక్కువ ఉన్నవారు 17 కిలోలు తగ్గినట్లు. ఇంత జరిగినా వారిలో 60 శాతం మంది తాము తృప్తిగానే ఉన్నామని చెప్పారు!

ఈ చివరి అంకెను నేను తేలికగా తీసుకోను. బ్యాండు అంతా మోసం అని కొట్టిపారేసేవారు ఆ 60 శాతం మందిని ఏమంటారు? ఆస్ట్రేలియాలో పాల్ ఓబ్రయన్ అనే సర్జన్, ఆయన సహచరులు 3227 మంది రోగుల లెక్కలు 2013లో ప్రచురించారు. పదిహేనేళ్ళ తరువాత కూడా అధిక బరువులో 47 శాతం తగ్గుదల నిలిచి ఉందని తేలింది. వారి దగ్గర గోడను కోసుకున్న బ్యాండ్లు 3.4 శాతం మాత్రమే. పూర్తిగా తీసేయవలసి వచ్చినవి 5.6 శాతం. అయితే వారి దగ్గర కూడా పై సంచి సాగిపోయి సరిచేయవలసినవి 26 శాతం, గొట్టం, పోర్టు మరమ్మతులు 21 శాతం. అటు బ్రస్సెల్స్, ఇటు మెల్బోర్న్. పట్టీ ఒకటే రకం, లెక్కలు ఇంత తేడా. వేసిన చేయి, వేసిన కాలం, తరువాత చూసుకున్న తీరు, ఇవన్నీ ఫలితాన్ని మారుస్తాయి. అందుకే "బ్యాండు మంచిదా చెడ్డదా" అని అడిగితే నేను తిరిగి "ఎవరు వేస్తారు, వేసిన తరువాత పదేళ్ళు ఎవరు చూస్తారు?" అని అడుగుతాను.

ఖర్చు సంగతి కూడా తెలుసుకోవాలి. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా కింద 2006 నుండి 2013 మధ్య బ్యాండు వేయించుకున్న 25,042 మందిని పరిశీలించి 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం 18.5 శాతం మందికి మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. వారికి సగటున ఒక్కొక్కరికి 3.8 సార్లు. బ్యాండు కోసం ఆ బీమా చెల్లించిన మొత్తంలో దాదాపు సగం ఈ తిరిగి చేసిన ఆపరేషన్లకే పోయింది. అక్కడ ప్రభుత్వం భరించింది. ఇక్కడ పొలం భరిస్తుంది.

ప్రకటనలవారు మాత్రం ఇవేవీ చెప్పలేదు. దక్షిణ కాలిఫోర్నియాలో రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డుల మీద బ్యాండు ప్రకటనలు నింపారు. ప్రమాదాల సంగతి సరిగా చెప్పకుండా ప్రచారం చేస్తున్నారని 2011 డిసెంబరులో ఎఫ్.డి.ఎ. అక్కడి ఎనిమిది ఆపరేషన్ కేంద్రాలకు, ఒక ప్రచార సంస్థకు హెచ్చరిక లేఖలు పంపవలసి వచ్చింది. మన పట్టణాలలోనూ బస్టాండు ఎదుట "ముందు – తరువాత" ఫోటోలతో బోర్డులు చూస్తూనే ఉన్నాము. ముందు ఉంది, తరువాత ఉంది. ఆ తరువాతకు తరువాత ఏమిటో బోర్డు మీద చోటు ఉండదు. ఆ చోటు నింపగలిగినవారు అనుభవించినవారే.

నాకు తెలిసిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు ఉన్నారు. గల్ఫ్‌లో కుమార్తె దగ్గర ఉన్నప్పుడు బ్యాండు వేయించుకున్నారు. షుగర్ బిళ్ళలు నాలుగు నుండి ఒకటికి తగ్గాయి, మెట్లు ఎక్కగలుగుతున్నారు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా కూర్చోగానే "నా పొట్టకు తాళం ఉందండీ, నాకు చారెడు పెరుగన్నం చాలు" అని నవ్వుతూ చెప్పేస్తారు. ఎవరూ బలవంతం చేయరు. ఆయన అనుభవం మంచిగా ఉండటానికి ఆ తాళం మాట కూడా ఒక కారణమని నా అనుమానం. మరొకామెకు ఆరేళ్ళ తరువాత బ్యాండు జారితే తీసేశారు, ఏడాదిన్నరలో పాత బరువు తిరిగి వచ్చింది. "డబ్బూ పోయె, బ్యాండూ పోయె, బరువు మాత్రం వచ్చె" అంటారు ఆమె. ఆపరేషన్‌కు వెళ్ళబోయేవారు ఈ ఇద్దరితోనూ ఒక్కొక్క గంట కూర్చుని మాట్లాడాలి. ఒక్కరితోనే మాట్లాడితే లాభం లేదు. ఆపరేషన్ చేసే ఆసుపత్రులు తమ సంతోషంగా ఉన్న రోగుల నంబర్లు ఇస్తారు. బ్యాండు తీయించుకున్నవారి నంబరు ఒకటి కూడా ఇవ్వండి అని అడగండి. ఇవ్వలేమంటే ఆ జవాబు నుండి కూడా కొంత తెలుస్తుంది.

మగవారికంటే ఆడవారికి ఈ మౌనం బరువు ఎక్కువ. లావుగా ఉంటే సంబంధం కుదరదంటారు. ఆపరేషన్ చేయించుకుంటే "పిల్లలు పుడతారో లేదో" అంటారు. నిజానికి బరువు తగ్గిన తరువాత గర్భం రావడం తేలికవుతుంది. ఆపరేషన్ తరువాత ఏడాది, ఏడాదిన్నర ఆగమని మాత్రం చెబుతాము. గర్భిణికి వాంతులు ఎక్కువైతే బ్యాండు వదులు చేయించుకోవాలి. మరి ఆమె గర్భిణిగా ఉన్నప్పుడు చూసే డాక్టరుకు బ్యాండు సంగతి చెప్పకపోతే, వాంతులు వేవిళ్ళ ఖాతాలోకి పోతాయి. అత్తవారింట్లో చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. చికిత్స చేసేవారికి చెప్పడం మాత్రం ఇష్టాయిష్టాల విషయం కాదు. పర్సులో ఒక చీటీ ఉంచుకోండి. ఏ సంవత్సరంలో, ఏ రకం బ్యాండు, ఇప్పుడు ఎన్ని మిల్లీలీటర్లు ఉంది, వేసిన డాక్టరు ఫోను నంబరు వ్రాసి ఉంటే చాలు. ఉమ్మి మింగలేకపోయినా, నీళ్ళు నిలవకపోయినా, పొట్టలో విపరీతమైన నొప్పి వచ్చినా రేపటివరకు ఆగవద్దు.

ఇప్పుడు మన దేశంలో బ్యాండు చాలా అరుదు. దాని స్థానంలో జీర్ణాశయాన్ని నిలువునా కోసి సన్నని గొట్టంలా చేసే స్లీవ్ ఆపరేషన్, పేగు దారి మళ్ళించే బైపాస్ ఆపరేషన్ వచ్చాయి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా ప్రజలకు బి.ఎం.ఐ. 27.5 నుండే ఆపరేషన్ గూర్చి ఆలోచించవచ్చని సిఫార్సు చేశాయి గనుక చేయించుకునేవారి సంఖ్య పెరుగుతుందనే అనుకోవాలి. వాటి ఫలితాలు బ్యాండు కంటే మెరుగు. కాని స్లీవ్‌లో కోసి తీసేసిన భాగాన్ని తిరిగి పెట్టలేరు, గుండెలో మంట కొందరికి పెరుగుతుంది, బైపాస్ అయినవారు విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి. వీటి సంగతులు కూడా పదేళ్ళ తరువాత చేయించుకున్నవారి నోటినుండి వినాలి.

ఇంకా కొత్తగా వచ్చినవి ఇంజెక్షన్లు. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవి విడుదలయ్యాయి. ఆపరేషన్‌కు మచ్చలైనా ఉంటాయి, వీటికి అవి కూడా ఉండవు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెన్ను కనబడకుండా దాచుకుంటే చాలు, వాకింగ్ వలన తగ్గానని చెప్పుకోవచ్చు. ఈ మందులు జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తాయి. రాత్రి నుండి ఏమీ తినకుండా ఆపరేషన్‌కు వచ్చిన మనిషి కడుపులో కూడా ఆహారం మిగిలి ఉండవచ్చు. మత్తు ఇచ్చినప్పుడు అది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతే ప్రమాదం. కన్ను ఆపరేషన్ కావచ్చు, గర్భసంచి ఆపరేషన్ కావచ్చు, అనస్థీషియా డాక్టరుకు ఈ సంగతి ముందుగా తెలియాలి.

అందువలన మా ఆసుపత్రిలో చేరేటప్పుడు నింపే కేసు షీటులో ఇప్పుడు ఒక ప్రశ్న కలిపాము. బరువు తగ్గడానికి ఎప్పుడైనా ఆపరేషన్ చేయించుకున్నారా, ఇంజెక్షన్లు వాడుతున్నారా అని. ఆ ప్రశ్న ఒక్కటి మాత్రం బంధువులను బయట కూర్చోబెట్టిన తరువాతనే అడగమని సిస్టర్లకు చెప్పాము.